1957వ సంవత్సరపు తెలుగు చిత్రములు: ద్వీపవాసి యెంపిక



ఒక సంవత్సరమున వెలువడిన చిత్రములలో మనసునకు నచ్చినవానిని ఏరుకొనుట తేలికయైన వినోదముగా దోచును. కాని ఎంపిక యనగా కొన్నింటిని గైకొనుట మాత్రమే కాదు. తక్కినవానిని విడుచుట కూడ. కావున ప్రతి యెంపికకును ఒక కొలత యుండవలెను.

ఇందులకు 1957వ సంవత్సరమే నిదర్శనము. ఆ యేటి తెలుగు చిత్రములలో రాష్ట్రపతి రజతపతకము బి.ఎన్. రెడ్డిగారి 'భాగ్యరేఖ'కు లభించెను. 'తోడికోడళ్లు' యోగ్యతాపత్రమును పొందెను. 'మాయాబజార్'కు ఆ గౌరవము దక్కలేదు. అయినను 2013లో ఒక టెలివిజన్ సంస్థ జరిపిన అభిప్రాయసేకరణమున భారతీయ చిత్రములన్నింటిలో ఉత్తమమైనదిగ జనులు 'మాయాబజార్'నే యెన్నుకొనిరి. న్యాయనిర్ణేతల కొలత వేరు, జనుల కొలత వేరు. ఇక ద్వీపవాసి కొలత యెట్టిది?

2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపములలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. పోర్టుబ్లెయిర్, అనగా 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన ఈ పట్టణమున, ఇరుగింట వంగభాష, పొరుగింట తమిళము, బజారున హిందీ వినవచ్చును. ఇట్టిచోట పిల్లలకు తెలుగును నిలుపుటయు, పొరుగువారితో కలిసి మెలగుటయు రెండును ముఖ్యములే. ఆ రెండింటికిని తోడ్పడు చిత్రమే ఇచ్చటి యింటికి దగ్గరి చిత్రము.

ఈ కొలతకు మొదట నిలుచునది 1957 మార్చి 27న విడుదలయైన 'మాయాబజార్'. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమును, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణమును లోకమెఱిగినవే. ద్వీపవాసికి అంతకన్న విలువైనది పింగళి నాగేంద్రరావుగారి మాట. అసమదీయులు, తసమదీయులు అను పలుకులు విని నవ్విన బిడ్డ, భాషలో క్రొత్త మాటలను తానును పుట్టింపవచ్చునని గ్రహించును. పాఠ్యపుస్తకము లేని యింట ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడే తెలుగు గురువగును.

రెండవది ఆదుర్తి సుబ్బారావుగారి 'తోడికోడళ్లు'. కన్నాంబ, సూర్యకాంతం, సావిత్రి తోడికోడళ్లుగా నటించిన ఈ కథకు మూలము శరత్‌చంద్రుని 'నిష్కృతి' యను వంగనవల. ఆ కథ అచ్చమైన తెలుగింటి కథయైనది. ఉమ్మడి కుటుంబమును కడలి కావల విడిచి వచ్చిన ఉద్యోగికి అది యెంతో సన్నిహితము. పొరుగింటి వంగసోదరునకును అంతే.

మూడవది వేదాంతం రాఘవయ్యగారి 'సువర్ణసుందరి'. ఆదినారాయణరావుగారు సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగములలో కూర్చిన 'హాయి హాయిగా' పాటను ఘంటసాల, జిక్కి పాడిరి. హిందీ 'సువర్ణసుందరి'లో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడిన పాటకును ఆదియే బాణీ. భాష వేరైనను బాణీ యొకటే యగుట ద్వీపజీవనమునకు తగిన యుపమానము.

ఇట్లు ఏరగా 'భాగ్యరేఖ', 'పాండురంగ మహాత్మ్యం' విడువబడినవి. అవి తక్కువవి యగుటచే గాదు. ఈ కొలత వేరగుటచే. భక్తి కొలతగ గలవారు 'పాండురంగ మహాత్మ్యం'నే ముందు నిలుపుదురు. అదియు న్యాయమే.

కావున ప్రతి యింట పెద్దలును పిల్లలును తమతమ చిత్రములను ఏరుకొని, కారణములు చెప్పి, ఒకరితో నొకరు వాదింతురు గాక! ఎవరు గెలిచినను నష్టము లేదు. ఆ వాదము తెలుగున జరిగినచో, అంతసేపును ఆ యింట తెలుగే గెలిచినట్లు.