గ్రహణాల వెంట నలభై నాలుగేళ్లు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి పదిహేను నిమిషాలు మాట్లాడాలి అన్నప్పుడు కమ్యుటేషన్ గురించో, మెడికల్ బిల్లుల గురించో అనుకున్నాను. "అవి మేం చూసుకుంటాం లెండి, మీ గ్రహణాల పిచ్చి గురించి చెప్పండి" అన్నారు. సర్వీసులో ఉన్నంత కాలం ఆ పిచ్చి వల్ల నన్ను ఆటపట్టించిన మిత్రులు ఈ సభలో కనీసం నలుగురున్నారు. వారి సమక్షంలోనే చెప్పుకోవడం సంతోషం.

నేను చదివింది ఖగోళశాస్త్రం కాదు. ఆకాశం కేసి చూడటం అలవాటు, ఫోటోలు తీయడం సరదా, అంతే. మొదటి సంపూర్ణ సూర్యగ్రహణం కోసం నేను ఎక్కడికీ వెళ్లలేదు, అదే నా దగ్గరికి వచ్చింది. 1980లో నాకు నల్లగొండలో ఉద్యోగం. ఆ బదిలీని ఆపించుకోవడానికి ఎన్ని అర్జీలు పెట్టానో దేవుడికెరుక. ఆ ఏడాది ఫిబ్రవరి 16, శనివారం నాడు చంద్రుడి నీడ కర్ణాటక తీరాన భూమి మీదికి వచ్చి, రాయచూరు, నల్లగొండ, ఖమ్మం జిల్లాల మీదుగా ఒరిస్సా వైపు పోయింది. భూమ్మీద ఏదైనా ఒక చోట సంపూర్ణ గ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి వస్తుందని లెక్క. ఆ ఒక్కసారీ నేను నల్లగొండలో ఉండటం ఆ బదిలీ వల్ల నాకు కలిగిన ఏకైక లాభం.

అప్పటి భయం ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. వీధులు కర్ఫ్యూ పెట్టినట్లున్నాయి. అందరూ తలుపులు బిగించుకున్నారు. పచ్చళ్ల జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భలు వేశారు. మా ఇంట్లో సంగతి ఇంకా కష్టం. మా ఆవిడకు అప్పుడు ఆరో నెల. మా అమ్మ ముందు రోజు నుంచే ఆమెకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది. గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా చీకటి గదిలో వెల్లకిలా కదలకుండా పడుకోవాలి, గోక్కోకూడదు, వేలు మడవకూడదు, కత్తీ కత్తిపీటా ముట్టకూడదు. నేను వాదించలేదు. వాదిస్తే గెలిచేవాణ్ణే కావచ్చు. తరువాత ఆ బిడ్డకు చిన్న జలుబు చేసినా జవాబు చెప్పుకోవలసింది మా ఆవిడ. అందుకని నోరు మూసుకుని కెమెరా తీసుకుని ఊరి బయటి పొలాల్లోకి వెళ్లాను.

మధ్యాహ్నం నాలుగు కావడానికి కొద్దిగా ముందు వెలుగు రంగు మారింది. సాయంకాలపు ఎరుపు కాదది, ఎండ ఉంది కాని ఎండలో పస లేదు. గాలి చల్లబడింది. కొంగలు గుంపుగా చెట్లకు చేరాయి. పడమటి నుంచి చీకటి తోసుకుని వచ్చింది. చివరి వెలుగుచుక్క ఉంగరం మీది రాయిలా ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. సూర్యుడుండవలసిన చోట నల్లటి బిళ్ల, దాని చుట్టూ ముత్యపు రంగు వెలుగు. దాన్ని కరోనా అంటారు, తెలుగులో కిరీటావరణం. రెండు నిమిషాలకు కాస్త పైన ఉన్నది. చేతులు వణుకుతూనే ఆరు ఫోటోలు తీశాను. నా దగ్గరున్నది మామూలు డబ్బా కెమెరా కాబట్టి ఆరింటిలోనూ సూర్యుడు ఆవగింజంత పడ్డాడు.

ఇక్కడ ఫోటోల లెక్క ఒకటి చెబుతాను. ఫిల్ము మీద పడే సూర్యబింబం సైజు ఎంతంటే, లెన్సు ఫోకల్ లెంగ్తును సుమారు 110తో భాగిస్తే వచ్చేంత. అందరి దగ్గరా ఉండే 50 మిల్లీమీటర్ల లెన్సుతో అర మిల్లీమీటరు కూడా రాదు. 500 మిల్లీమీటర్లది దొరికితే నాలుగున్నర మిల్లీమీటర్లు వస్తుంది. ఇంకో చిక్కు, కరోనా లోపలి భాగం బాగా వెలుగు, బయటి భాగం బాగా మసక. సెకనులో ఐదువందలో వంతు షట్టరు తెరిస్తే అంచున గులాబీ మంటలు వస్తాయి, పూర్తి సెకను తెరిస్తే దూరంగా చాచుకున్న తంతువులు వస్తాయి. ఒక్క ఫోటోలో రెండూ రావు. మన కన్ను మాత్రం రెంటినీ ఒకేసారి చూస్తుంది. అందుకే కొత్తవాళ్లు ఎవరడిగినా కెమెరాను స్టాండు మీద వదిలేసి తల ఎత్తి చూడమంటాను. ఫోటోలు పత్రికల్లో ఎలాగూ వస్తాయి.

గ్రహణం విడిచాక ఇంటికి వస్తే మా అమ్మ పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టిన రోకలిని చూపించింది. "చూశావా, ఎవరూ పట్టుకోకుండా నిలబడింది" అంది. నేను మర్నాడు అదే పళ్లెంలో అదే రోకలిని నిలబెట్టి చూపించాను. అడుగు చదునుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. మా అమ్మ కాసేపు చూసి, "నిన్నటి గ్రహణం ఇంకా పూర్తిగా వదల్లేదేమోరా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

మే నెలలో మా రెండో అమ్మాయి పుట్టింది. వేళ్లూ పెదవులూ అన్నీ సక్రమంగా ఉన్నాయని మంత్రసాని చెప్పేవరకూ మా అమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చోలేదు.

రెండోది 1995 అక్టోబరు 24. నీడ రాజస్థాన్‌లో ప్రవేశించి ఆగ్రా, అలహాబాదుల వైపుగా బెంగాలు దాకా వచ్చింది. ఎల్‌టీసీ పెట్టుకుని కలకత్తా వెళ్లాం. దీపావళి మర్నాడు. మా ఆవిడ కాళీఘాట్ దర్శనం కోసమని వచ్చింది, గ్రహణం రోజున మాత్రం లాడ్జి గదిలోంచి కదల్లేదు. నేను డైమండ్ హార్బర్ వెళ్లి హుగ్లీ ఒడ్డున నిలబడ్డాను. ఉదయం తొమ్మిదికి ముందే, నిమిషంపైన కొన్ని సెకన్లు. ఈసారి స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చుకున్న రష్యా వారి జెనిట్ కెమెరా ఉంది, ఫోటోలు కాస్త కుదిరాయి. వాటిని పాత ఆవగింజల పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలింది. 1980లో కరోనా అన్ని వైపులా ఇంచుమించు సమానంగా, బంతిపువ్వులా ఉంది. 1995లో రెండు పక్కలకే రెక్కలు చాచింది. కారణం తరువాత చదివి తెలుసుకున్నాను. సూర్యుడి మీద మచ్చలు సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. మచ్చలు ఎక్కువైన రోజుల్లో కరోనా గుండ్రంగా, తక్కువైన రోజుల్లో సాగదీసినట్లు ఉంటుంది. నేను చూసిన ఆ రెండు గ్రహణాలూ ఆ చక్రంలో పైనొకటి, కిందొకటి.

1999 ఆగస్టు 11 నాటిది వానాకాలపు మబ్బులకే దక్కింది. 2009 జులై 22 సంగతి చెప్పాలి. రిటైరయ్యాక సొంత డబ్బుతో వెళ్లిన మొదటి గ్రహణం. బీహారులో పాట్నా దగ్గర తారేగ్నా అనే చిన్న ఊరు, ఆర్యభటుడు అక్కడి నుంచి నక్షత్రాలు చూసేవాడని స్థానికుల నమ్మకం. ఊళ్లో తిరునాళ్లలా జనం. తెల్లవారితే ఆకాశం నిండా మబ్బు. ఆరున్నర ప్రాంతంలో మూడున్నర నిమిషాల పాటు చిమ్మచీకటి అయింది, ఎవరి మొహం వారికి కనిపించలేదు, సూర్యుడూ కనిపించలేదు. అదే ఉదయం కాశీ ఘాట్లలో నిలబడ్డవాళ్లకు గ్రహణం కనిపించింది. కాశీకి వెళ్లమని పెద్దలు ఊరికే అనలేదని మా ఆవిడ ఇంటికి వచ్చాక రెండేళ్లు నన్ను దెప్పింది.

ఇంత దూరాలు తిరిగిన నేను మన గుంటూరు గొప్ప గురించి చెప్పకపోతే ఆక్షేపణ వస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం మన కోస్తా మీదుగానే పోయింది. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఓడ ఎక్కి వచ్చి గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట దిగి, వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున లేచే మంటలను పరిశీలించాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండా కూడా వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మర్నాడు ఉదయమే మళ్లీ పరికరం తిప్పి చూశాడు, కనిపించాయి. మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ బందరులోనూ, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలోనూ అదే గ్రహణాన్ని చూశారు. ఆనాటి వర్ణపటాల్లో కనిపించిన పసుపు గీతే తరువాత హీలియం అనే మూలకం కథకు మొదలయింది. అంత పని మన ఊళ్లో జరిగిందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఒక రాయి మీద నాలుగు ముక్కలు చెక్కించి పెడితే తప్పేముందని నా అభిప్రాయం.

ఇక 2024. మా రెండో అమ్మాయి, అదే, గ్రహణం నాడు కడుపులో ఉన్న పిల్ల, ఇప్పుడు అమెరికాలో డాలస్‌లో ఉంటోంది. ఏప్రిల్ 8, సోమవారం మధ్యాహ్నం నీడ డాలస్ మీదుగా పోతుందని తెలిసి ఆరు నెలల ముందే టిక్కెట్లు కొన్నాం. అక్కడ సంపూర్ణ గ్రహణం మూడు నిమిషాల యాభై సెకన్ల దాకా. పొద్దున్నుంచీ మబ్బులు, నాకు తారేగ్నా గుర్తుకొచ్చింది. గ్రహణం వేళకు విడివడ్డాయి. అమ్మాయి వాళ్లమ్మకు కళ్లజోడు ఇచ్చి, "నువ్వు రా అమ్మా" అంది. నేను పిలిచి ఉంటే వచ్చేది కాదు. కూతురు పిలిచింది కనుక వచ్చి పార్కులో కుర్చీ వేసుకుని కూర్చుంది.

చీకటి పడ్డప్పుడు కళ్లజోడు తీయమన్నాం. కింది అంచున గులాబీ రంగు మంట ఒకటి మామూలు కంటికే కనిపించింది. ఒక పక్క శుక్రుడు, ఇంకో పక్క గురువు. కరోనా మళ్లీ గుండ్రంగా, నలుదిక్కులా ఉంది, 1980 నాటిలా. నేను ఫోటో ఒక్కటే తీశాను. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. వెలుగు తిరిగి వచ్చాక నెమ్మదిగా చెప్పింది.

నల్లగొండలో మేమున్నది పెంకుటిల్లు. ఆ గదిలో తలుపులూ కిటికీలూ మూసినా పెంకుల సందున చిన్న చిల్లు ఉండిపోయింది. పడుకున్న మనిషికి ఎదురుగా గోడ మీద రూపాయంత వెలుగు పడింది. అది చూస్తుండగానే కొరికినట్లయింది, నెలవంక అయింది, గీతలా అయి మాయమైంది. చిన్న చిల్లులోంచి వచ్చే కాంతి సూర్యుడి బొమ్మనే గోడ మీద వేస్తుంది, చెట్టు నీడలో కూడా ఆ నెలవంకలు పడతాయి. ఆమెకు ఆ సంగతి తెలియదు. గ్రహణం తనను వెతుక్కుంటూ గదిలోకే వచ్చిందనుకుంది. చూశానని అత్తగారికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మే నెల వరకు, బిడ్డ వేళ్లు లెక్కపెట్టుకునేదాకా, రాత్రిళ్లు నిద్ర పోలేదట. ఒక్క మాట అడిగి ఉంటే ఆ చిల్లు సంగతి నేను రెండు నిమిషాల్లో చెప్పేవాణ్ణి. కాని ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఆ మాట అడగడం అంత తేలిక కాదు. మా అమ్మాయి అంతా విని, "నేను మాత్రం బాగానే ఉన్నాగా" అని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

అక్కడ ఉండగానే ఇంకో అదృష్టం కలిసి వచ్చింది. మే 10, శుక్రవారం రాత్రి. సూర్యుడి మీద భూమికి పదిహేను రెట్లకు మించిన వెడల్పున మచ్చల గుంపు ఏర్పడి, అక్కడి నుంచి వెలువడిన కణాల తుఫాను భూమిని తాకింది. 2003 తరువాత అంత పెద్దది లేదు. ధ్రువాల దగ్గర కనిపించే అరోరా కాంతులు టెక్సాస్ దాకా దిగివచ్చాయి. అల్లుడు గారు కారులో ఊరి దీపాలకు దూరంగా ఉత్తరానికి తీసుకువెళ్లారు. కంటికి ఉత్తరపు దిక్కున ఏదో ఎర్రటి పొగలా ఉంది, అంతే. సెల్‌ఫోన్‌ను రాయికి ఆనించి పది సెకన్లు తెరిచి ఉంచితే మాత్రం ఫోటోలో మందార రంగు తెర వచ్చింది. గాలిలోని ఆక్సిజన్ వంద కిలోమీటర్ల పైన ఆకుపచ్చగా, ఇంకా పైన రెండు వందలు దాటాక ఎర్రగా వెలుగుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు దిగువ భాగం దిగంతం కిందే ఉండిపోతుంది, పై ఎరుపు మాత్రమే కనిపిస్తుంది. అదే రాత్రి లడఖ్‌లోని హాన్లే నక్షత్రశాల కెమెరాలు కూడా ఎర్రటి కాంతిని పట్టాయి. అంటే మన దేశంలోనే.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. కళ్ల గురించి ఒక్క మాట. మనలో చాలామందికి శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి, ఉన్న చూపును కాపాడుకోవాలి. కంటి వెనుక పొరకు నొప్పి తెలియదు, కాలిపోయినా తెలియదు, మర్నాడు అక్షరాలు కనిపించనప్పుడు తెలుస్తుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు, పళ్లెంలో నీళ్లు, ఇవేవీ పనికిరావు. వెల్డింగు వాళ్లు వాడే 14వ నంబరు గాజు గాని, ఐఎస్‌ఓ 12312-2 ముద్ర ఉన్న కళ్లజోడు గాని ఉండాలి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాలు తప్ప వాటిని తీయకూడదు.

2027 ఆగస్టు 2 నాటి గ్రహణం ఈజిప్టులో ఆరు నిమిషాలు దాటుతుంది, అంత దూరం మనవల్ల కాదు. 2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణ గ్రహణం ఉంది. రైలులో ఒక రాత్రి ప్రయాణం. సీనియర్ సిటిజన్లం కలిసి వెళ్దామనుకునేవారు ఈ సభ అయ్యాక నా దగ్గర పేర్లు రాయించండి. మోకాళ్ల సంగతి అప్పుడు చూసుకుందాం. ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న కళ్లజోళ్లు పన్నెండు. గీతలు పడకుండా చూసి, వెళ్లేటప్పుడు ఆ బల్ల మీద మా ఆవిడకు అప్పగించండి, ఆమె దగ్గర లెక్క ఉంది.