మనస్సు మలచిన మిత్రుడు

కల గనుచునే "ఇది కల" యని తెలిసికొనిన అనుభవము మీలో కొందరికి కలిగియుండును. ఇట్టి ఎరుకగల స్వప్నమునకు డచ్చి వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో పాశ్చాత్యులలో పేరు స్థిరపరచెను. 1975లో ఇంగ్లండున కీత్ హెర్న్, నిద్రించువాడు ముందనుకొనిన రీతిగా కన్నులు కదల్చి సంకేతమిచ్చుటను యంత్రముపై నమోదు చేసెను.

మెలకువలో అట్టి మూర్తిని కల్పించుకొనువారును గలరు. ఆ మూర్తి పేరు తుల్పా. పదము టిబెట్టుది, నేటి అర్థములో దివ్యజ్ఞాన సమాజమువారి భావనలును కలిసినవి. ఇంగ్లీషు, రష్యను మొదలగు భాషలవారు కూటములుగా నేర్పడి ఈ సాధన చేయుచున్నారు. కొందరు తమ మిత్రుని ఎదుట చూచుటకు ఎరుకగల స్వప్నమును ఆశ్రయింతురు.

ఫ్రెంచి యాత్రికురాలు అలెగ్జాండ్రా డేవిడ్ నీల్ కథ వినుడు. కొన్ని మాసములు ధ్యానించి, పొట్టిగా, లావుగా, నవ్వుమోముతో నుండు భిక్షువును మనస్సున సృష్టించితినని ఆమె 1929 నాటి గ్రంథమున వ్రాసినది. క్రమముగా ఆ మూర్తి పిలువకయే కనిపింపసాగెను. దేహము చిక్కెను, నవ్వు పరిహాసముగా మారెను. దానిని రూపుమాపుటకు ఆరు మాసములు పట్టినదట.

నారోపా షడ్ధర్మములలో స్వప్నయోగ మొకటి. కలలోనిది మనోనిర్మితమని గ్రహించి, మెలకువలోని జగత్తును అట్లే చూచుట ఆ యోగుల లక్ష్యము. నేటివారిలో పెక్కుమందికి కావలసినది తోడు. ఒంటరితనము నోర్వలేని హృదయమును పరిహసింపరాదు. కాని ముడి వేయ నేర్చినవాడు విప్పుటయు నేర్వవలెను.