నడుం నొప్పికి గట్టు కొలత



నడుం నొప్పని వెళితే, “మీరేం పని చేస్తుంటారమ్మా?” అని డాక్టరుగారు అడిగారనుకోండి. మనలో చాలామంది చెప్పే జవాబు, “పనేం లేదండీ, ఇంట్లోనే ఉంటాను” అని. పొద్దుటి కాఫీ మొదలు రాత్రి గట్టు తుడిచేదాకా నిలువుకాళ్ళ మీద ఉండే మనిషి చెప్పే మాట ఇది! నొప్పికి అసలు కారణం ఆ మాట కిందే మరుగున పడిపోతుంది.

రోగిని “నీ వృత్తి ఏమిటి?” అని తప్పక అడగాలని వైద్యులకు బోధించినవాడు ఇటలీ దేశపు రామజ్జిని. వృత్తుల వల్ల వచ్చే జబ్బులపై ఆయన పుస్తకం 1700లో వెలువడింది. బరువులు మోసేవారికే కాదు, గంటల తరబడి ఒకే తీరున కూర్చునేవారికీ, నిలబడేవారికీ ఒళ్ళు చెడుతుందని అందులో రాశాడు. పనికోసం మనిషి వంగిపోకుండా, మనిషికి తగ్గట్టు పనిని అమర్చే శాస్త్రం తరవాత పెరిగింది. దాన్నే ఎర్గొనామిక్స్ అంటారు. ఫ్యాక్టరీల్లో శ్రమ తగ్గించే పద్ధతుల్ని అమెరికాలో వంటింటికి తెచ్చినవారిలో ముఖ్యురాలు లిలియన్ గిల్‌బ్రెత్. ఆమె ఇంజనీరు, పన్నెండుమంది పిల్లల తల్లి కూడా. గట్టు ఎత్తు ఇల్లాలి ఎత్తునుబట్టి ఉండాలన్నది ఆమె మాట.

మరి మన ఇళ్ళలో? మేస్త్రీ కట్టిందే కొలత. పొడుగాటి కోడలికీ, పొట్టి అత్తగారికీ అదే గట్టు! ముందుకి వంగినప్పుడు పైశరీరం బరువునంతా నడుం కండరాలే పట్టి నిలపాలి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళలమీద ఒత్తిడి పెరుగుతుందని 1960లలో స్వీడన్‌లో నాకెమ్‌సన్ అనే వైద్యుడు కొలిచి చూపాడు.

కాబట్టి గట్టు ముందు నిటారుగా నిలబడి, మోచెయ్యి మడిచి చూడండి. కూర తరిగే చోటు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉంటే చాలు. చపాతీ పిండి పిసకడానికి ఇంకాస్త పల్లమైనా మంచిదే, ఒంటి బరువు సాయం వస్తుంది. గట్టు మరీ పల్లమైతే కదలని మందపాటి చెక్క వేసి దానిమీద తరుక్కోండి. ఎత్తయితే పిండి పని భోజనాల బల్లమీదికి మార్చండి. ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే చిన్న పీట వేసుకుని ఒక్కో కాలూ మార్చి మార్చి దానిమీద పెట్టండి.

నిండు గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు. ఇనప బండ బరువు కలిస్తే దాదాపు 30 కిలోలు. తెచ్చిన అబ్బాయి చేతే లోపల పెట్టించుకోండి. నీళ్ళ బకెట్టు నిండుగా ఒక్కసారి మోసేకంటే సగం సగం రెండుసార్లు మొయ్యడం మేలు. ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకోండి.

కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా, నొప్పితో జ్వరం వచ్చినా మాత్రం గృహవైద్యాలతో కాలయాపన చెయ్యకండి. వెంటనే డాక్టరుకి చూపించుకోండి.

నిలబడి పనిచేసే కార్మికులకు తీరిక దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో రాశారు. వంటింటికి అలాంటి చట్టమేదీ లేదు. అక్కడ కుర్చీ మనమే వేసుకోవాలి. పప్పు ఏరడం, చిక్కుళ్ళు వలవడం దానిమీద కూర్చునే చేసుకోవాలి.