బహుమతి రాని ఈశాన్



2007 డిసెంబరు 21వ తేదీన విడుదలయైన ‘తారే జమీన్ పర్’ అను హిందీ చిత్రము ఈ సభకు వచ్చినవారిలో చాలమందికి పరిచితమే. అమోల్ గుప్తే దాని రచయిత, ఆమిర్ ఖాన్ దర్శకుడు. దర్శీల్ సఫారీ అను బాలుడు ఈశాన్ అవస్థీ పాత్రను ధరించెను. కుటుంబ సంక్షేమమును గూర్చిన ఉత్తమ చిత్రముగా దానికి జాతీయ పురస్కారము లభించినది. కథ చిన్నది. ముంబయిలో ఎనిమిదేండ్ల ఈశాన్ మూడవ తరగతిని రెండవ పర్యాయము చదువుచుండును. అన్న యోహాన్ అన్నిటను ప్రథముడు. తమ్మునికి మాత్రము పుస్తకము తెరిచినంతనే అక్షరములు కన్నులయెదుట నాట్యమాడును. సోమరితనమని తలచి తండ్రి వానిని దూరపు వసతి పాఠశాలకు పంపును. అచ్చట బాలుడు మూగవోవును; కుంచెను సైతము విడిచిపెట్టును. అపుడు తాత్కాలిక చిత్రలేఖనోపాధ్యాయుడుగా రామ్ శంకర్ నికుంభ్ వచ్చి, వాని జబ్బు సోమరితనము కాదనియు, డిస్లెక్సియా అనియు గుర్తించి, ఓర్పుతో అక్షరములు నేర్పును. కడపట చిత్రలేఖనపు పోటీలో ఈశాన్‌కు ప్రథమ బహుమతి వచ్చును. ప్రేక్షకులు కన్నులు తుడుచుకొందురు.

ఆ చిత్రము చేసిన మేలును తక్కువచేయుట ఈ ప్రసంగము ఉద్దేశము కాదు. అంతకుముందు మధ్యతరగతి గృహములలో ‘మొద్దు’, ‘సోమరి’, ‘పొగరుబోతు’ అను మాటలుండెను గాని, ‘డిస్లెక్సియా’ అను మాట లేకుండెను. అయినను మంచి కథను మరల అల్లి చూచుట తెలుగువారికి క్రొత్తది కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుకవధ’ నాటకమున రామాయణ కథను తిరుగవేసెను. చలము సావిత్రి కథను తన దారిని నడిపెను. పాత కథలో ఎవరికి మాట దక్కలేదో వారికి మాట నిచ్చుటకే ఇట్టి పునఃకల్పనము. ఈశాన్ కథలో సైతము మాట దక్కనివారు కొందరు కలరు. వారిలో మొదటివాడు, చిత్రలేఖనము రాని ఈశాన్.

కథలోనుండి ఆ కుంచెను తీసివేసి చూడవలెను. పోటీలో ఈశాన్ వేసినట్లు చూపిన చిత్రము ప్రసిద్ధుడైన సమీర్ మండల్ వేసినది. అట్టి నీటిరంగుల పటమును ఎనిమిదేండ్ల ప్రతి బాలుని నుండి ఆశించుట పరాచికమే యగును. పైగా నికుంభ్ తరగతిలో డిస్లెక్సియా కలవారి పట్టికనొకటి చదువును. అందు ఐన్‌స్టీన్ పేరును కలదు. పదేండ్లు దాటునప్పటికే శాస్త్రగ్రంథములను ఆవురావురుమని చదివిన ఐన్‌స్టీన్‌కు ఈ చిక్కు కలదనుటకు తగిన ఆధారము లేదు. చలనచిత్రమునకు అది క్షంతవ్యమే. కాని దాని ఫలితముగా గృహములలో ఒక క్రొత్త బరువు పుట్టినది. ‘వీనికి చదువు రాదు, కనుక మరేదో గొప్ప విద్య దాగియుండి తీరవలె’నని తల్లిదండ్రులు వెదుకనారంభించిరి. చిత్రలేఖనమునకు పంపుదురు, తబలాకు పంపుదురు, చదరంగమునకు పంపుదురు. దేనిలోను మెరుపు కనబడకున్నచో, బాలుడు రెండవమారు పరాజితుడగును. మొదట చదువులో ఓడెను, పిదప మేధావి కాకపోవుటలో ఓడెను.

ఇరువదిమంది పిల్లలలో ఒకరికైనను ఈ చిక్కు ఉండునని సాధారణపు అంచనా. అనగా నలుబదిమంది కల తరగతిలో ఇద్దరు. ఆ ఇద్దరును చిత్రకారులు కానవసరము లేదు. క్రికెట్టు ఓ మోస్తరుగా ఆడి, అన్నము తిని, అమ్మమ్మతో పోట్లాడు సామాన్య బాలునికి సైతము ఒక వాక్యమును తుదిదాక చదువు హక్కు కలదు. కావున పునఃకల్పిత కథలో ఈశాన్‌కు బహుమతి రాదు. వానికి బొమ్మలు వేయుట ఇష్టమే, అంతియే.

రెండవ మార్పు నికుంభ్‌ను గూర్చినది. ఆయన బయటినుండి వచ్చిన రక్షకుడు. బాల్యమున తానును ఇదే చిక్కును అనుభవించినవాడు. ఇట్టివాడు రాని పాఠశాలలే లెక్కకు మిక్కిలి. ఆయన లేనిచో ఈశాన్ గతి యేమి? ఈ ప్రశ్నకు జవాబు చిత్రములోనే ఒక చిన్న ఘట్టమున ఉన్నది. ప్రేక్షకులు దానిని దాటిపోవుట కద్దు. వసతి పాఠశాలలో హిందీ ఉపాధ్యాయుడు ఒక పద్యమునకు అర్థము చెప్పుమని ఈశాన్‌ను లేపును. బాలుడు తనకు తోచిన భావమును సొంత మాటలలో చెప్పును. ఉపాధ్యాయుడు పెదవి విరిచి, వేరొక విద్యార్థిచేత వల్లెవేసిన అర్థమును చెప్పించి సంతోషించును. పిదప ప్రక్కనున్న రాజన్ దామోదరన్ అను బాలుడు, నీవు చెప్పినదే సరియైన అర్థమని మిత్రునకు తెలుపును.

కథ మలుపు తిరుగదగిన చోటు అదియే. చదువలేని పిల్లవాడు వినిన పద్యమునకు అంత చక్కని భావమెట్లు చెప్పెనని ఆ ఉపాధ్యాయుడు అర నిమిషము ఆగి ఆలోచించినచో, నికుంభ్ రావలసిన పనియే లేదు. నోటితో ఇంత తెలివి, కాగితముపై ఇంత తడబాటు: ఈ రెంటికిని నడుమనున్న అగాధమే డిస్లెక్సియాకు మొదటి ఆనవాలు. ఇది నేటి సంగతి కాదు. ‘డిస్లెక్సియా’ అను పేరును జర్మనీలోని నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 1887లో వ్యాప్తికి తెచ్చెను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ వైద్య పత్రికలో పదునాలుగేండ్ల బాలుని ఉదంతమును ప్రకటించెను. బోధన యంతయు నోటిమాటగానే సాగినచో పాఠశాలలో వీనిని మించినవాడుండడని ఆ బాలుని ఉపాధ్యాయుడు చెప్పినట్లు అందు కలదు. అతడు వైద్యుడు కాడు, మనస్తత్త్వవేత్త కాడు. తన విద్యార్థిని గమనించిన బడిపంతులు మాత్రమే. పునఃకల్పిత కథలో హిందీ ఉపాధ్యాయునికి ఆ పాటి గమనింపును ప్రసాదించిన చాలును.

ఇక మూడవ మార్పు ఈ సభకు మిక్కిలి దగ్గరిది. ఈశాన్‌ను ముంబయిలోని ఆ యింటినుండి తీసి, ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగి క్వార్టరులో, తెలుగు కుటుంబమున పుట్టించినచో ఏమగును? తండ్రికి మూడు నాలుగేండ్లకొక బదిలీ. ఇట్టి ఉద్యోగుల బిడ్డలకై 1963లో ఆరంభమైన కేంద్రీయ విద్యాలయములు ఒకే పాఠ్యక్రమమును ఊరూర నిలిపినవి. అది గొప్ప ఉపకారము. కాని బాలుడు ఇంట తెలుగు మాటలాడును, బడిలో హిందీ వ్రాయును, ఆంగ్లమున లెక్కలు చేయును. ఇట్టి బాలుడు చదువలేకపోయినచో చెప్పుటకు సాకులు చేరువలోనే ఉండును. ‘క్రొత్త ఊరు, క్రొత్త భాష, అలవాటు పడును’ అని తండ్రి అనును. ‘ఇంట హిందీ మాటలాడనందుననే’ అని ఉపాధ్యాయిని అనును. అలవాటు పడుటకు ముందే మరల బదిలీ వచ్చును. పాత పాఠశాలలో వానిని కొంత గమనించిన ఉపాధ్యాయిని ఆ పాఠశాలలోనే ఉండిపోవును. ఈ విధముగా ఐదారేండ్లు గడచును. ముంబయి ఈశాన్‌కు లేని ప్రమాదమిది: వాని చిక్కును భాష కప్పివేయును, బదిలీ చెరిపివేయును.

భాష క్రొత్తదగుట వేరు, ఈ చిక్కు వేరు. మొదటిది మాతృభాషలో కనబడదు, రెండవది కనబడును. చిత్రమున చూపినట్లు అక్షరములు తారుమారగుటయే దీని లక్షణమని చాలమంది నమ్మిక. చిన్నపిల్లలు ఎందరో కొన్నాళ్లు అక్షరములను త్రిప్పి వ్రాయుదురు. అది తనంత తానే పోవును. అసలు ఇక్కట్టు అధిక భాగము చెవికిని మనస్సునకును సంబంధించినది: పలికిన మాటను ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనులకు గుర్తులను జతపరచుట కష్టమగును. తెలుగున గుర్తునకును ధ్వనికిని పొత్తు స్థిరమైనది గనుక, ఆంగ్లమునందు వలె తప్పులు కుప్పలు తిప్పలుగా పడకపోవచ్చును. కాని చదువు నత్తనడక నడచును. గుణింతమున దీర్ఘములు జారిపోవును. ‘కన్ను’ వ్రాయబోయి ‘కను’ అని ఆగును. వత్తు కనబడినచోట పెన్సిలు నిలిచిపోవును. ‘పలక’ అను మాటలో ‘ప’ తీసివేసిన ఏమి మిగులునని ఆటగా అడిగినపుడు, తోటివారు ‘లక’ అని నవ్వుచుండగా, ఏడెనిమిదేండ్ల పిల్లవాడు మరల మరల తడబడినచో నిపుణునికి చూపుట మంచిది. ఈ పరీక్షకు హిందీ రానక్కరలేదు. అమ్మమ్మ చేయగలదు.

పునఃకల్పిత కథలో ఆ పని అమ్మమ్మయే చేయును. కథలు చెప్పినపుడు మనుమడు ఒక్క పేరును మరువడు, ఒక్క మలుపును తప్పడు. ఆ కథనే పుస్తకమున చూపినచో పారిపోవును. ఆమె ఈ మాట కూతురి చెవిని వేయును. కూతురు భర్తతో అనును: “ఏమండీ, వాడు చదవనని మొండికేయడం లేదు. చదవలేకపోతున్నాడు.” భర్త ఫైలునుండి తల యెత్తడు.

మూల చిత్రములో తండ్రి ఒకసారి పాఠశాలకు వచ్చి, కుమారుడు ప్రకటన ఫలకము చెంత నిలిచి ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొని చదువుచుండుటను చూచును. చూచి, కన్నులు చెమర్చగా, మాటలాడకయే వెనుదిరుగును. ఆ చిత్రములోని అతి గొప్ప దృశ్యము బహుమతి ప్రదానము కాదు, ఇదియే. క్రొత్త కథలో చేయవలసిన సవరణ యొక్కటి: తండ్రి వెనుదిరుగడు. ప్రక్కకు వచ్చి నిలుచును. ఎంతసేపైనను నిలుచును.

పిదప జరుగునది తెరపై పాటలో ముగియును, ఇంట ఏండ్లు పట్టును. నికుంభ్ ఇసుకలో అక్షరములు వ్రాయించును, మట్టితో చేయించును, మెట్లపై లెక్కలు నేర్పును. ధ్వనిని పలుకుచు, కంటితో చూచుచు, వ్రేలితో వ్రాయుచు నేర్చు ఈ పద్ధతిని 1930ల దశకమున అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ అనువారు క్రమపరచిరి. అయితే వీధిబడిలో ఇసుక పరచి, ‘ఓనమాలు’ గొంతెత్తి పలుకుచు వ్రేలితో దిద్దిన తాతలకు ఇందు వింత తోచదు. 1790ల ప్రాంతమున మద్రాసులో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు స్థానికపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుటను చూచి, తన అనాథాశ్రమమున ప్రవేశపెట్టి, 1797లో లండనులో పుస్తకముగా ప్రచురించెను. ఇసుక ఒక్కటియే మందని దీని భావము కాదు. ఏ ధ్వని తరువాత ఏ ధ్వని నేర్పవలెనో తెలిసిన శిక్షకులు కావలెను, దినదినము కొంచెముగా సాగవలెను. కాని పళ్లెములో బియ్యము పోసి పిల్లవానిచే వ్రేలితో వ్రాయించుటకు ఏ తల్లికిని చిన్నతనము తోచవలసిన పని లేదు. అక్షరాభ్యాసమునాడు అందరును చేసినదే.

చట్టపు సంగతి కొంత చెప్పవలసి యున్నది. చిత్రము వచ్చిన 2007లో అమలునందున్నది 1995 నాటి చట్టము. అది గుర్తించిన ఏడు వైకల్యములలో ఈ చిక్కు లేదు. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుండి అమలైన వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించినది; అందు నిర్దిష్ట అభ్యసన వైకల్యము చేరినది. పిల్లలలో దీనిని వీలైనంత త్వరగా కనిపెట్టవలెనని ఆ చట్టము 16వ సెక్షను చెప్పును. పరీక్షలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సవరణలను 17వ సెక్షను పేర్కొనును. మూడు లిపులమధ్య నలుగు బదిలీ బిడ్డకు ఆ కడపటి మాట విలువ యెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఎనిమిదేండ్లు నిండినవారికి ధ్రువపత్రము ఇయ్యవచ్చునని 2018 నాటి మార్గదర్శకములు చెప్పినవి. సరిగా ఈశాన్ వయస్సు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వైకల్యము కల బిడ్డ విషయమున విద్యాభత్యము రెట్టింపుగా లభించును.

ఇన్నియు ఉండియు దరఖాస్తు పత్రము బల్ల సొరుగులోనే ఉండిపోవుటకు కారణమొక్కటే. ఆ పత్రముపై ‘వైకల్యము’ అను మాట ఉన్నది. కాలనీలో ఎవరైన చూతురేమోనని జంకు. ఆడపిల్ల విషయమున ఈ జంకు మరింత లోతైనది; పెండ్లినాటికి ఎవరో త్రవ్వి తీయుదురని భయము. ఎదుటి క్వార్టరు వారేమందురో అను చింతలో బిడ్డకు గంటకు ఇరువది నిమిషముల అదనపు సమయము దక్కకపోవుట, లెక్క తెలిసిన ఉద్యోగులు చేయదగిన బేరము కాదు.

పునఃకల్పిత కథ తుది భాగమున పోటీ లేదు, చప్పట్లు లేవు. సంవత్సరాంతమున ఈశాన్‌కు హిందీలో మినహాయింపు వచ్చినది. ఆంగ్లమున నూటికి 38 మార్కులు. గణితమున, ప్రశ్నలను చదివి వినిపించినందున, 71. అన్న యోహాన్‌కు యథాప్రకారము ప్రథమ స్థానము; ఇంట ఇద్దరికిని ఒకే పాయసము. రాత్రి భోజనానంతరము తండ్రి పావుగంట కుమారుని ప్రక్కన కూర్చుండును. బాలుడు తెలుగు వాచకమున నాలుగు పంక్తులు చదువును. ఐదవ పంక్తి కడ అలసి పుస్తకము మూయును. తండ్రి గదమాయింపడు.

జూన్ మాసమున బదిలీ ఉత్తరువు వచ్చును, ఈసారి గువాహటికి. సామాను కట్టునపుడు తల్లి ఒక కవరును తన చేతిసంచిలోనే ఉంచుకొనును. అందు ధ్రువపత్రపు నకలు ఉండును. పాత పాఠశాల హిందీ ఉపాధ్యాయుడు క్రొత్త పాఠశాల ప్రధానోపాధ్యాయునకు స్వహస్తముతో వ్రాసిన ఉత్తరమును ఉండును. ఈ బాలుని ముందుగా నోటితో అడుగుడనియు, నల్లబల్లపై నుండి ఎక్కించుకొనుటకు సమయమిండనియు, తరగతియెదుట బిగ్గరగా చదువుమని లేపవలదనియు అందు వ్రాసియుండును.