అర్ధరాత్రి తలుపు తట్టిన స్నేహితుడు

లూకా సువార్త 11వ అధ్యాయములో అర్ధరాత్రి మూడు రొట్టెలకై వచ్చిన స్నేహితుని ఉపమానము మీరెరిగినదే. దానిని ప్రార్థనకు అన్వయించి బోధించుచుందుము. అది సరియే. అయితే లోపల పండుకొన్నవానిని గూర్చి మనము అంతగా తలంపము. వాడు దుష్టుడు కాడు. పిల్లలు ప్రక్కనే నిద్రించుచున్నారు. ఒంటిగది ఇంట గడియ తీసిన అందరును లేచెదరు. వాని సాకు నిజమైన సాకే.

2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ ప్రాంతమున 32 సెంటీమీటర్లకు పైగా వర్షము కురిసెను. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలలో ఇండ్లలోనికి నీరు జొరబడెను. ఎల్.బి.నగర్‌నుండి బయలుదేరిన ఒక స్నేహితుడు, చైతన్యపురిలో స్కూటరు మునిగిపోగా, ఫోను చేసెను: "పాస్టరుగారూ, మెట్రో మెట్ల మీద ఉన్నాం. మా సంగతి సరే, పిల్లల్ని మాత్రం ఈ రాత్రికి ఉంచుకోండి." ఉపమానములోని వాడును తన ఆకలికై అడుగలేదు గదా!

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట వృద్ధురాలైన తల్లి యున్నది. అది కరోనా కాలము, టీకాలింకను రాలేదు. రమ్మనిన ఆమెకు అపాయము, వద్దనిన ఆ పిల్లలకు అపాయము. మేము భార్యాభర్తలము ఏమియు తేల్చుకొనలేక ఆమెనే అడిగితిమి.

"వాళ్లను తీసుకురా నాయనా. నేను వెనకగదిలో తలుపేసుకుంటా," అనెను.

తెరచియున్న మ్యాన్‌హోళ్లకు భయపడి, కర్రతో నేల తడుముకొనుచు పోయి నలుగురిని తెచ్చితిమి. పదునాలుగు దినములు అమ్మ ఆ గదిలోనే భుజించెను. మొదటి రాత్రి ఆ తలుపు వెనుకనుండి ఆమె అడిగిన దొక్కటే: "పిల్లలకు పాలు కాచారా?"