ఎగిరెడు యంత్రమునకు కంటియెదుటి వ్రాత



పూర్వము గ్రామపెద్దల యొద్దకు గట్టు తగవులును, నీటివంతుల తగవులును వచ్చెడివి. ఇప్పుడు మఱియొక తీరు తగవు వచ్చుచున్నది. ఎవరి పిల్లవాడో నాలుగు రెక్కల చిన్న యంత్రమును ఆకాశమునకు ఎగురవేయును. అది ఎవరి చేనిలోనో పడును. చేని యజమాని ఆ పిల్లవానిని చేయిపట్టి పెద్దల యెదుటికి తెచ్చును. యంత్రము పడుటకు కారణమేమో పెద్దలకు తెలియదు. కారణము తెలియనిచో తప్పు ఎంతదో తేల్చుట యెట్లు? అందుచేత నేడు ఆ యంత్రమునందలి ఒక్క సంగతిని మాత్రము మీకు మనవి చేయుదును. అది రెక్క కాదు, మోటారు కాదు. ఎగురవేయువాని కంటియెదుట తెరపై కనబడు వ్రాత. దానిని ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే అందురు. కుఱ్ఱవాండ్రు పొట్టిగా ఓ.ఎస్.డి. అందురు. నేను తెరవ్రాత అందును.

డ్రోన్ అను మాట మన రైతులకు క్రొత్త కాదు. వరిచేలపై మందు చల్లు పెద్ద డ్రోన్లను మీలో అనేకులు చూచియే యుందురు. మహబూబ్‌నగరమునకు ఇరుగైన వికారాబాదున 2021 సెప్టెంబరు 11వ తేదీన ఔషధములను, టీకాలను ఆకాశమార్గమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు చేర్చు ప్రయత్నము ఆరంభమైనది. అట్టివి ముందుగా నిర్ణయించిన బాటను తమంత తామే పోవును. నేను చెప్పునది వేఱు. అది అరచేయంత మొదలు పళ్ళెమంత వఱకు ఉండును. దాని ముక్కున చిన్న కెమెరా. అది చూచినదెల్ల రేడియో తరంగములపై వచ్చి, ఎగురవేయువాడు కన్నులకు కట్టుకొన్న గాగుల్స్‌లో కనబడును. వాడు నేలమీద కుర్చీలో కూర్చుండియే తాటితలల మీదుగా పోవుచున్నట్లు భావించును. నేనును ఒకమాఱు కట్టుకొంటిని. ఊరి మఱ్ఱిచెట్టు తలక్రిందు లగుట చూచి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొని, 'దింపురా!' అని కేకవేసితిని.

ఈ పద్ధతిని ఫస్ట్ పర్సన్ వ్యూ అందురు. మా మనుమడు దీనిని 'ప్రథమపురుష దృష్టి' అని తెనిగించెను. ముప్పదియైదేండ్లు తెలుగు పాఠము చెప్పినవాడను గాన ఊరకుండలేక దిద్దితిని. ఆంగ్లేయుల ఫస్ట్ పర్సన్ మన వ్యాకరణమున ఉత్తమపురుష, అనగా 'నేను'. మన ప్రథమపురుష 'వాడు, అది'. నేలనుండి చూచునపుడు యంత్రము 'అది'. గాగుల్స్ కట్టుకొన్న క్షణమున 'నేను' అగును. ఇది వ్యాకరణపు ముచ్చట మాత్రమే కాదు. 'అది' తూలుచున్నదని ప్రక్కన నిలిచినవానికి కనబడును. 'నేను' ఎగురుచున్నాననుకొను వానికి తన బలమెంత మిగిలినదో తెరవ్రాత చెప్పిననే తెలియును.

క్రిందటి కార్తికమున మనుమడు తన యంత్రమును దేవరకొండ దిక్కున, మా బంధువుల ఊరి వెలుపల ఎగురవేసెను. అది పత్తి ఏరు కాలము. బండరాళ్ల గుట్ట చుట్టి తిరిగి వచ్చునపుడు యంత్రము ఎత్తు నిలువలేక పత్తిచేనిలో పడినది. అచ్చట అరువదేండ్ల కూలియామె ఒకతె వంగి పత్తి ఏరుచుండెను. ఆమెకు మూడు బారల దూరమున పడినది. నేను ఆయాసపడుచు పరుగెత్తితిని. ఆమె తిట్టలేదు. నడుముకు కట్టిన ఒడి సవరించుకొని, 'సారూ, నేను వంగి ఏరుకుంటున్న. మీదికెల్లి వచ్చేది నాకెట్ల గనబడ్తది? చూసేటోడు మీ పిలగాడే గద!' అనెను. పిల్లలచేత జవాబులు చెప్పించుటయే వృత్తిగా బ్రతికిన నాకు ఆనాడు జవాబు లేకపోయెను.

ఇంటికి వచ్చి మనుమని అడిగితిని. 'తాతా, టైమరు నాలుగు నిమిషాలే చూపింది. ఎప్పుడూ ఆరు నిమిషాలు ఎగురుతది' అనెను. బ్యాటరీ అంకె యేమైనదని అడుగగా, 'అది ఈరోజు కనబడలే' అనెను. ఏల కనబడలేదో తెలిసికొనుటకు మాకు రెండు దినములు పట్టెను. ఆ కారణమును కొంచెము విప్పి చెప్పెదను; ఇట్టి తగవులలో ఇది మఱల మఱల వచ్చునది.

అనలాగు పద్ధతి యంత్రములందు ఈ వ్రాతను వ్రాయునది మాక్స్ 7456 అను చిన్న చిప్పు, లేక దానికి మాఱుగా వచ్చిన ఏటీ 7456ఈ అనునది. చిత్రము కెమెరానుండి ప్రసారిణికి పోవు త్రోవలో ఇది కూర్చుండి, అక్షరములను చిత్రముపై పొదుగును. పొదుగుట గళ్లలో జరుగును. ఒక్కొక్క గడి అడ్డముగా 12, నిలువుగా 18 చుక్కలు. భూదాన్ పోచంపల్లిలోను, పుట్టపాకలోను నేతగాండ్రు గళ్ల కాగితముపై పువ్వు గీసి, ఆ లెక్కచొప్పున నూలును కట్టి రంగు అద్దుట చూచినవారికి ఇది చెప్పకయే తెలియును. ఇట్టి గడిబొమ్మలు 256 మాత్రమే మాక్స్ 7456 చిప్పులో నిలుచును. ఆంగ్లాక్షరములకు, అంకెలకు, బాణములకు అవి చాలును. తెలుగునకు చాలవు, గుణింతములే అంతకు మించిపోవును, ఒత్తులు ఇంకను వాకిట నిలిచియుండును. అయినను బొమ్మలు మార్చుకొనుటకు వీలున్నది గాన మన తెలుగు అంకెలు పదింటినైన పెట్టుమని మనుమనితో అంటిని. వాడు నవ్వి ఊరకుండెను.

వరుసకు గళ్లు 30. వరుసలెన్ని యనునది కెమెరానుబట్టి మాఱును. పాల్ అను పద్ధతి చిత్రమునకు 16 వరుసలు, ఎన్.టి.ఎస్.సి. అను పద్ధతికి 13 మాత్రమే. అంగళ్లలో రెండు తీరుల కెమెరాలును దొరకును. మనుమడు పాల్ కెమెరా ఉన్నప్పుడు బ్యాటరీ అంకెను, హెచ్చరిక మాటను అట్టడుగున పెట్టుకొనియుండెను. ఆ కెమెరా చెడిపోగా మిత్రుని కెమెరా తెచ్చి బిగించెను. అది ఎన్.టి.ఎస్.సి. తీరుది. చిత్రము చక్కగా వచ్చెను. పైవరుసలోని గడియారమును చక్కగా కనబడెను. క్రింది మూడు వరుసలు మాత్రము తెర వెలుపలికి పోయెను, వానితో బ్యాటరీ అంకెయు పోయెను. యంత్రము చెడలేదు, కెమెరా చెడలేదు. అంకె కనబడుట లేదని తెలిసియు 'టైమరున్నది గదా' అని ఎగురవేయుట తప్పు. ఆ తప్పు మా వానిది. అట్లని ఆ చేని యజమానితోను ఒప్పుకొంటిమి.

గడియారము కాలమును చెప్పును గాని శక్తిని చెప్పదు. ఎద్దు ఎన్ని గంటలు నడిచినదని కాక, మెట్టలో నడిచినదా బురదలో నడిచినదా అని అడుగు రైతునకు ఈ మాట క్రొత్త కాదు. ఆనాడు ఎదురుగాలి యుండెను. గుట్ట ఎక్కుటకు మోటార్లు ఎక్కువ తినెను. ఆరు నిమిషముల మేత నాలుగింటికే చెల్లినది.

కాబట్టి తెరవ్రాతను ఎన్నుకొనువాడు మొదట ఎన్నుకొనవలసినది బ్యాటరీ అంకె. అందును మొత్తము వోల్టుల కంటె ఒక్కొక్క సెల్లు వోల్టులు చూపునట్లు పెట్టుట మేలు. బ్యాటరీలో సెల్లులు ఎన్ని యున్నను అప్పుడు లెక్క ఒక్కటే: నిండినపుడు 4.2, మరలవలసినపుడు 3.5. మరీ దిగినచో బ్యాటరీయే చెడును. ఇందు ఒక మోసము కలదు. వేగము పెంచినపుడు ఈ అంకె గభాలున పడిపోవును, తగ్గించినపుడు మరల లేచును. బరువెత్తినవాని ఊపిరి వంటిది. క్రొత్తవాడు ఒకప్పుడు ఉత్తపుణ్యమునకు బెదరును. ఒకప్పుడు, లేచినది గదా యని నమ్మి చెడును. అందుచేత దాని ప్రక్కనే ఖర్చైన విద్యుత్తును చూపు ఎం.ఏ.హెచ్. అంకెయు ఉండవలెను. 1500 నిలువగల బ్యాటరీలో 1100 ఖర్చుకాగానే ఇంటిముఖము పట్టవలయును. ఈ అంకె వెనుకకు లేవదు. అయితే కొలుచు సాధనము సరిగా నున్నదా యని పరీక్షింపవలెను: దిగిన పిదప చార్జరు ఎంత విద్యుత్తు నింపెనో చూచి, తెర చెప్పిన ఖర్చుతో పోల్చుట. అంగడివాని త్రాసును తెలిసిన రాతితో తూచి చూచినట్లు.

రెండవది, చేతిలోని రిమోటుకును యంత్రమునకును గల సంబంధపు బలము. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టలలో దీనికి విలువ హెచ్చు. ఇచ్చట ఏనుగులంతటి నల్లరాతి గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. రేడియో తరంగములు వానిని చీల్చుకొని రాలేవు. గుండు వెనుకకు పోయిన క్షణమున చిత్రమును పోవచ్చును, ఆజ్ఞయు పోవచ్చును. ఆర్.ఎస్.ఎస్.ఐ. అను అంకె సంకేతపు గట్టితనమును చెప్పును. ఎల్.క్యూ. అను అంకె పంపిన ఆజ్ఞలలో నూటికెన్ని చేరుచున్నవో చెప్పును. నా మాట అడిగిన రెండవదే పెట్టుకొనవలెను. మొదటిదానిని నేటి రిమోట్లు తఱచు ఋణసంఖ్యగా చూపును. 50 ఋణము మంచిది, 100 ఋణము చెడ్డది అని తొందరలో ఎవడు ఆలోచించును?

ఇంటి దిక్కు చూపు బాణము మూడవది. జి.పి.ఎస్. బిగించిన యంత్రమునకే అది ఉండును. ఎగురుటకు ముందే తగినన్ని ఉపగ్రహములు దొరకినగాని యంత్రమునకు ఇల్లు ఎక్కడో తెలియదు. సాధారణముగా 8 ఉండవలెనని అందురు. మోటార్లు తిరుగుటకు ముందు ఆ సంఖ్యను చూడని వానికి ఆ బాణము ఉండియు ప్రయోజనము లేదు. ఎత్తు చూపు అంకె నాలుగవది. 2021 నాటి డ్రోన్ నియమములు ఆకుపచ్చ మండలమున 400 అడుగుల వఱకు, అనగా 120 మీటర్ల వఱకు మాత్రమే అనుమతి లేకుండ ఎగురనిచ్చుచున్నవి. విమానాశ్రయమునకు 8 నుండి 12 కిలోమీటర్ల నడుమ ఐనచో 200 అడుగులే. ఏ ఊరు ఏ మండలమందున్నదో డిజిటల్ స్కై పటమున చూచుకొనవలెను.

మిగిలినవి అలంకారములు. మా వాని తెరపై మొదట పదునేడు సంగతులు ఉండెను: యంత్రము పేరు, వాని పేరు, వేగము, వంపు, నడుమ అడ్డముగా ఒక గీత. పెండ్లిపత్రికవలె కిక్కిఱిసి యుండెను. ఆ గుంపులో ఒక్క అంకె లేకపోయినను కంటికి లోటు తెలియదు. మూడే సంగతులున్న తెరపై ఒకటి పోయిన వెంటనే తెలిసియుండెడిది. ఇప్పుడు నడుమ ఏమియు లేదు. బ్యాటరీ అంకెలు పైనుండి రెండవ వరుసలో నున్నవి. అచటనైనచో ఏ కెమెరా బిగించినను తెరలోనే యుండును. అట్టంచు వరుసను వదలుటకును కారణము కలదు: కొన్ని గాగుల్స్ అంచులను కత్తిరించి చూపును. అక్షరములు తెల్లనివి గాన, విచ్చిన పత్తిచేనిమీదను, ఎండాకాలపు ఆకాశముమీదను సన్నని వ్రాత తేలిపోవును. నల్లని అంచు గల లావు వ్రాతను ఎన్నుకొనవలెను.

డిజిటల్ పద్ధతి యంత్రములును వచ్చినవి. చిత్రము అద్దమువలె నుండును, వెల మాత్రము బాగుగా హెచ్చు. అందు వ్రాత యంత్రమునందు పొదుగబడదు. అంకెలు విడిగా ప్రయాణముచేసి గాగుల్స్‌లో అక్షరములగును. గళ్లును ఎక్కువ, కొన్నింట వరుసకు 53, వరుసలు 20. అనలాగున సంబంధము తగ్గుచున్నపుడు చిత్రముపై మంచు కురిసినట్లై ముందుగానే హెచ్చరించును. డిజిటల్ చిత్రము చివరిదాక బాగుండి ఒక్కసారి నిలిచిపోవచ్చును. కాబట్టి దానికి సంబంధపు అంకె ఇంకను ముఖ్యము. నేర్చుకొను పిల్లవానికి అనలాగు చాలునని నా అభిప్రాయము. 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము విదేశముల నుండి తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించినది గాని విడిభాగములకు అడ్డు పెట్టలేదు. కావున మన పిల్లలు పలువురు భాగములు తెచ్చి తామే కూర్చుకొనుచున్నారు. బీటాఫ్లైట్ వంటి సాధనముతో తెరవ్రాతను తామే అమర్చుకొనుచున్నారు. అమర్చినవాడే దానికి పూచీ.

పెద్దలకు పనికివచ్చు మాట యొకటి మిగిలినది. అనేక గాగుల్స్‌లో చూచినదెల్ల నిలువచేయు ఏర్పాటు కలదు. అనలాగు పద్ధతిలో అక్షరములు చిత్రముతోనే వచ్చును గాన అందులో అంకెలును నిలిచియుండును. తగవు వచ్చినపుడు ఆ దృశ్యమును వేయించి చూడుడు. పడుటకు ముందు సెల్లు 3.0 అని యున్నచో, గాలియని, కాకియని చెప్పు సాకులు వినవలసిన పనిలేదు. 3.8 ఉండి సంబంధము సున్న అయినచో గుండు వెనుకకు పోయినాడేమో అడుగుడు. ఏ అంకెయు లేనిచో, ఏల లేదని అడుగుడు. డిజిటల్ నిలువలో అంకెలు చేరునట్లు ముందే అమర్చుకొనవలసియుండును. మీ ఊరి పిల్లవానిని ఆ అమరిక చేసికొనుమని ఇప్పుడే చెప్పియుంచుడు.

గాగుల్స్ కట్టుకొన్నవానికి క్రింద వంగియున్న మనిషి సులభముగా కనబడదు. అందుచేత మా వాడు ఎగురవేయునపుడు నేను ప్రక్కన నిలిచి యంత్రమును ఉత్త కన్నులతో చూచుచుందును. చేలలో కూలివారున్న దినములలో గుట్టవైపునకు పోనీయను. లేచుటకు ముందు వాడు తెరమీది అంకెలను పైకి చదువవలెను. ఏ అంకెయైనను కనబడకపోయిన ఆనాటికి ఎగురుట లేదు. దిగిన పిదప యంత్రము ఆ ప్రయాణమునందు సెల్లు ఎంతవఱకు దిగినదో తెరపై పట్టికగా చూపును. దానిని తేదీతో ఒక పాత లెక్కల పుస్తకమున వ్రాయుచున్నాను. ఇప్పటికి నలువది పంక్తులైనవి; అన్నియు 3.4కు పైననే యున్నవి. మొదటి పంక్తి మాత్రము 2.9. అది చేనిలోనుండి తెచ్చిన బ్యాటరీని ఆనాడు ఇంట కొలిచి వ్రాసినది.