పట్టాలు కలవకపోయినా ప్రయాణం కలవాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ కలకత్తా భూగర్భ రైలు గురించి నాలుగు మాటలు చెబుతాను. మా అమ్మాయి కాపురం అక్కడి సాల్ట్ లేక్‌లో. విశాఖలో రైలెక్కి హౌరాలో దిగడం మాకు ఏనాడూ కష్టం కాలేదు. ఆ తరువాతే అసలు ప్రయాణం. హౌరా వంతెన మీద ట్రాఫిక్, సామాను, మా ఆవిడ మోకాళ్ల నొప్పులు! "అమ్మాయినే ఇక్కడికి రమ్మందాం" అనేది ఆవిడ.

దేశంలో తొలి మెట్రో రైలు అక్కడే, 1984 అక్టోబరు 24న, ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్లు నడిచింది. అది ఉత్తర దక్షిణాల లైను. హౌరా, సియాల్దా అనే రెండు పెద్ద రైల్వే స్టేషన్లూ దానికి దూరంగానే ఉండిపోయాయి. వాటిని కలపడానికే తూర్పు పడమరల లైను వేశారు. 2020లో సాల్ట్ లేక్ వైపు మొదలైంది. 2022లో సియాల్దా చేరింది. 2024 మార్చిలో హుగ్లీ నది కింద సొరంగంలో హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కు బండ్లు నడిచాయి. 520 మీటర్ల నదిని ముప్పావు నిమిషంలో దాటుతుంది!

అయినా సియాల్దా, ఎస్ప్లనేడ్‌ల మధ్య రెండున్నర కిలోమీటర్లు మిగిలిపోయింది. 2019లో బౌబజార్ దగ్గర సొరంగంలోకి నీరు ఉబికి, పైన ఇళ్లు కూలి, ఎన్నో కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆ ముక్క 2025 ఆగస్టు 22న గాని తెరుచుకోలేదు. ఫైలులో నడిమి కాగితం లేకపోతే ముందూ వెనకా ఎన్ని ఉన్నా సంతకం పడదని మనకు తెలియనిదా? ఇప్పుడు హౌరా నుంచి సియాల్దాకు పది పన్నెండు నిమిషాలు.

ఇంకో విశేషం. పాత లైను బ్రాడ్ గేజి, కొత్తది స్టాండర్డ్ గేజి. ఒకదాని బండి రెండోదాని మీద నడవదు. ఎస్ప్లనేడ్‌లో మనిషే దిగి మారాలి. హౌరా మెట్రో స్టేషను సుమారు 30 మీటర్ల లోతున ఉంది. అంత లోతుకు లిఫ్టులు, ఎస్కలేటర్లు లేకపోతే అది మన వయసు వారిది కాదు. అవి ఉండబట్టే మా ఆవిడ ఈసారి మనవరాలి పుట్టినరోజుకు బయలుదేరింది.

మిత్రులారా, ముసలివారిని ఆపేది దూరం కాదు, మారే చోట నడక. మన విశాఖకూ మెట్రో ప్రతిపాదన ఉంది. ప్రజాభిప్రాయం అడిగిన రోజున మన సంఘం తరఫున ఒక్క మాట రాసి ఇద్దాం: రైల్వే స్టేషను, ఆర్టీసీ కాంప్లెక్సులకు కప్పు ఉన్న దారి, పనిచేసే లిఫ్టు, కూర్చోవడానికి బల్లలు కావాలని. అర్జీ ముసాయిదా నేను రాస్తాను. సంతకాలు మీరు పెట్టండి.

సెలవు.